బండ్లు పోని వీధి

కళ్యాణదుర్గం దాటి మిషన్ ఆసుపత్రికి పోయే దోవలో పాడుబడిన సున్నపు బట్టీ ఒకటి ఉండేది. పగటిపూట చూస్తే ఏమీ లేదు. కూలిన గోడ, మసిబారిన గుంత, చుట్టూ తుమ్మకంప. కానీ పొద్దు కుంకిందంటే ఆ బట్టీ కాడికి వచ్చిన ఎద్దులు నిలబడిపోయేవి. ముల్లుకర్రతో పొడిచినా అంతే. తోక మెలిపెట్టినా అంతే. బండివాళ్లు దిగి, కాడి పట్టుకుని, చేలకు అడ్డం పడి చుట్టూ తిప్పుకుపోయేవాళ్లు. కొన్నేళ్లకు ఆ చుట్టుదోవే అసలు దోవ అయింది. బట్టీ ముందర గడ్డి మొలిచింది. ఆ సీమలో దోవ మీద గడ్డి మొలిచిందంటే వాన పడిందని కాదు, కాలు పడలేదని అర్థం.

"ఎద్దు అడుగు పెట్టని చోట మనిషి అడుగు పెట్టగూడదు," అనేది నూర్జాన్.

చిన్నప్పుడు ఆమె ఆ బట్టీ కాడ ఒక ఆడమనిషిని చూసిందట. ముఖం చక్కగా ఉంది. మాట చక్కగా ఉంది. తాగడానికి నీళ్లడిగింది. నూర్జాన్ చెంబు అందిస్తూ తల వంచింది కాబట్టి బతికింది. కింద చూస్తే... మడమలు ముందుకు, వేళ్లు వెనక్కి. రెండు కాళ్లూ.

"ముఖాన్ని నమ్మొద్దు," అని కొడుక్కు ఉగ్గుపాలతో పాటు పట్టించింది. "ముఖం ఎట్ల గావల్లంటే అట్ల దిద్దుకోవచ్చు. కాళ్లు చూడు."

కొడుకు ఖాసిం సాబ్ ఆ మాటను ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, ఎదురొచ్చిన మనిషికి సలాం చెప్పే ముందు పాదాల వైపు ఒకసారి చూసేవాడు. అది అణకువ అనుకునేవాళ్లు జనం. నిజానికి అది అనుమానం.

అయితే ఈ కథ బట్టీ కాడ జరగలేదు. సముద్రాల అవతల, మంచు పడే దేశంలో, దీపాలు ధగధగలాడే ఒక అంగళ్ల వీధిలో జరిగింది. ముప్పాతిక కథ అక్కడే జరిగింది, అని సరిదిద్దుకోవాలేమో.

ఖాసిం సాబ్ మొదట బండిచక్రాలు చేసే వడ్రంగి. తర్వాత మిషన్ ఆసుపత్రిలో చంకకర్రలు, కట్టెకాళ్లు చేసే పనికి కుదిరాడు. పాము కరిచి కాలు తీసేసినవాళ్లు, లారీ కింద పడ్డవాళ్లు, పుండు పాకినవాళ్లు, అందరూ ఆయన షెడ్డుకే వచ్చేవాళ్లు. పదేళ్లలో ఆయన చెవి ఎట్లా తయారైందంటే, వెనకనుంచి మనిషి నడిచి వస్తుంటే తల తిప్పకుండానే చెప్పేవాడు: కుడిది మాంసం, ఎడమది కట్టె, కట్టె పాతది, మొల వదులైంది.

ఊరందరికీ కాళ్లు చేసినవాడు కూతురికి చేయలేకపోయాడు.

హబీబాకు తొమ్మిదేళ్లు. పుట్టుకతోనే కుడి తొడ ఎముక పొట్టి. ఎంత పొట్టి అంటే కుడి పాదం వచ్చి ఎడమ మోకాలి పక్కన వేలాడేది. పాదం మంచిదే, వేళ్లు ఆడతాయి, మడమ ఉంది. నేలకు అందదు, అంతే. ఖాసిం సాబ్ మూడు కాళ్లు చేసి కట్టాడు. ఒక్కటీ మడవదు. హబీబా మూడింటినీ మూల పారేసి, చంకన కర్రతో కుప్పిగంతులు వేస్తూ తిరిగేది.

"ఆ పాదం తీసేస్తే మేలైన కాలు కట్టొచ్చు," అంది ఆసుపత్రి డాక్టరమ్మ.

"బతికున్న పాదాన్ని కోసి కట్టె పెట్టేదేంది తల్లీ?"

ఆమె వాదించలేదు. ఎవరెవరికో జాబులు రాసి, ఆయన్ను హాలండు దేశంలో కట్టెకాళ్ల కార్ఖానాలో ఆరునెలలు పని నేర్చుకోవడానికి పంపించింది. "చూసి రా. కోయాలా వద్దా అన్నది వచ్చినాక నువ్వే చెప్పు. నీ మాట ప్రకారమే చేస్తా."

అట్లా 1963 చివర్లో, కూతురి పాదాన్ని ఉంచాలా తీసేయాలా అన్న ప్రశ్నను నెత్తిన పెట్టుకుని, ఖాసిం సాబ్ రాటర్‌డామ్‌లో దిగాడు.

దిగిన వారానికి ఒక తెలుగు గొంతు వినపడింది. బసలో కిందిగదిలో ఉండేవాడు రామదాసు. తన సీమవాడే, నల్లమాడ మనిషి. పదహారేళ్లప్పుడు ఇంట్లోంచి పారిపోయి, బొంబాయిలో ఓడ ఎక్కి, ఓడ వంటింట్లో ఉల్లిగడ్డలు తరిగీ తరిగీ ఆ రేవులో దిగిపోయినవాడు. ఇప్పుడు ఒక పెద్ద హోటల్లో వంటమేస్త్రీనని చెప్పుకునేవాడు.

"నా చేతి కింద ఆరుగురు దొరలప్పా!" అనేవాడు. "నేను 'ఉప్పు' అంటే ఉప్పు తెస్తారు."

"యాడుండాది నీ హోటలు? ఒకసారి చూపించు."

"చూద్దువులే."

ఒక శనివారం మధ్యాహ్నం రామదాసు ఆయన్ను ఊరు చూపిస్తానని తీసుకుపోయాడు. ట్రాములు, సైకిళ్లు, మోటార్లు దాటుకుంటూ ఒక మలుపు తిరిగారు. ఉన్నట్టుండి మోత ఆగిపోయింది.

వెడల్పాటి వీధి. రెండు పక్కలా ఒకే ఎత్తు అంగళ్లు, ముందర పొడుగునా చావిడి కప్పులు. గోడలకు బదులు అద్దాలు. నడుమ రాతి తొట్లలో మొక్కలు. వీధి నిండా జనం, తిరునాళ్లలో మాదిరి. పిల్లల్ని తోపుడుబండ్లలో కూర్చోబెట్టి తోసుకుపోయే తల్లులు, చేతులు పట్టుకుని నడిచే ముసలి జంటలు, నూనెలో బూరెల్లాంటివి వేయించి పైన చక్కెర పొడి చల్లి అమ్మే మనిషి. ఒకచోట గుడి రథమంత పెట్టె ఒకటి. పక్కన చక్రం తిప్పుతుంటే దానంతట అదే పాడుతోంది. అందరూ నడుస్తున్నారు. ఎవరికీ ఎక్కడికీ పోయే తొందర లేదు.

ఖాసిం సాబ్ నిలబడిపోయాడు. ఆయన చూస్తున్నది అంగళ్లను కాదు.

"ఇంత పెద్ద వీధి. ఒక్క బండీ లేదేమప్పా?"

"రానీరు."

"ఎవురు రానీరు?"

"సర్కారు వాళ్లే. సైకిలోడు గూడా దిగి నడిపించుకుని పోవల్ల. నడిచేటోళ్ల కోసరమనే కట్టినారు దీన్ని."

"నడిచేటోళ్ల కోసరం వీధి కడ్తారా ఎవురన్నా?" ఖాసిం సాబ్ గొంతు తగ్గించాడు. "ముందు బండ్లు పోతాండి ఉంటాయి. యాడో మొరాయించినాయి. అప్పుడు మూసేసినారు. పైకి చెప్పుకుంటారా?"

రామదాసు ఆయన ముఖం చూశాడు. నవ్వు ఆపుకున్నాడు. తర్వాత ఏం తోచిందో, నవ్వు నిజంగానే పోయింది.

"నువ్వు తెలివిగల్లోడివి అన్నా," అన్నాడు మెల్లగా. "వచ్చినోళ్లెవురికీ తట్టలేదు ఇది. విను. ఇరవై మూడేండ్ల కింద యుద్ధంలో ఈ ఊరి మీద బాంబులు పడినాయి. ఊరికి ఊరు కాలిపోయింది. ఇది ఆ బూడిద మీద కట్టిన వీధి. అదో... ఆ చివర, రొట్టెల అంగడి పక్కన సందు కనపడతాండాదా? ఆడ ఒక పిల్ల ఉండిపోయింది. చీకటి పడితే చెప్పులు ఎతుక్కుంటా తిరుగుతాదంట."

"చూసినావా?"

"చూసినోడు చెప్పినాడు. వీధిలో తిరుగు, తప్పులేదు. ఆ సందులోకి మాత్రం పోవద్దు... చీకటి పడినాక అసలే పోవద్దు."

ఆ దేశంలో చలికాలం సాయంత్రం నాలుగున్నరకే చీకటి. కార్ఖానా వదిలేది అయిదింటికి. బసకు దగ్గరి దోవ ఆ వీధే.

మొదటి రెండు రోజులు ఖాసిం సాబ్ తల ఎత్తకుండా నడిచాడు. ఎదురొచ్చే బూట్లు చూస్తూ, పక్కన పోయే బూట్లు చూస్తూ. అన్నీ ముందుకే ఉన్నాయి. అద్దాల వెనక కోట్లు తొడుక్కుని నిలబడ్డ బొమ్మల్ని కూడా వదలలేదు. వాటిలో కొన్నింటికి పాదాలే లేవు, ఇనుప కడ్డీ మీద నిలబడ్డాయి. ఆయనకు అది నచ్చలేదు.

మూడో రోజు ఆయన చెవికి ఒక నడక తగిలింది.

అంత జనంలో, అంత పాటలో, ఒక్క నడక. టప్... టక్. టప్... టక్.

ఎడమది మాంసం. కుడిది కట్టె.

తల ఎత్తాడు. పది గజాల ముందర ఒక ఆడపిల్ల. పదకొండు పన్నెండేళ్లుంటాయి. నీలం కోటు, ఒంటిజడ, మందపాటి మేజోళ్లు. పాటపెట్టె ముందర ఆగింది, విన్నది. రెండు మెట్లు ఎక్కి ఒక అంగట్లోకి తొంగిచూసింది. దిగింది.



కుడి కాలు మడిచింది ఆ పిల్ల. మోకాలి దగ్గర, మెత్తగా, తనంతట తాను. మెట్టుకో కాలు వేసి ఎక్కింది. కట్టెకాలు అట్లా ఎక్కదు. కట్టెకాలును మంచికాలు లాక్కుపోవాలి. చెవి కట్టె అంటోంది. కన్ను మాంసం అంటోంది.

ఆ పిల్ల గాలికి ఎగిరిపోయిన కాగితం వెంట పరుగెత్తింది.

పరుగెత్తింది!

జనంలో కలిసిపోయింది.

మరుసటిరోజు కార్ఖానాలో పెద్దమేస్త్రీని అడిగాడు. ఆయన నలభై ఏళ్లుగా, ప్రమాదాల్లో, యుద్ధంలో కాళ్లు పోయినవాళ్లకు కాళ్లు చేస్తున్నవాడు.

"మోకాలు తనంతట తను మడిచి, తనంతట తను చాపే కాలు ఉండాదా? పిల్లలకు?"

ముసలాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఉంటే నేనెందుకు ఈ కాళ్లు చేస్తాను? లేదు. ఎవరూ చేయలేదు."

ఎవరూ చేయలేదు. కట్టె కాదు. మాంసం కాదు. మరి... ఏంటది?

తర్వాతి వారమంతా ఆయన ఆ నడక కోసం కాచుకున్నాడు. తోలుకోటు కాలరెత్తి, మఫ్లరు చెవుల మీదికి లాగి, రాతితొట్టి పక్కన నిలబడేవాడు. టప్... టక్ అని వినపడగానే వెంట నడిచేవాడు, కళ్లు ఆ కాలి మీద పెట్టి. ఒకరోజు ఆ పిల్ల గిరుక్కున వెనక్కి తిరిగింది. ఆయన అద్దంలో చెంచాలు చూస్తున్నట్టు నిలబడ్డాడు. అద్దంలో ఆ పిల్ల నీడ... కదలకుండా ఆయన్నే చూస్తోంది.

ప్రతిసారీ ఒక్కచోటే మాయమయ్యేది. రొట్టెల అంగడి పక్క సందులో.

సందు మొగదల దాకా పోయి ఆగిపోయేవాడు. ఎద్దు మొరాయించినట్టే.

పదో రోజు మంచు పడింది. సందు మొగదల నిలబడి ఆయన లోపలికి చూశాడు. దీపం లేదు. మంచు మీద అప్పుడే పడిన అడుగులు లోపలికి పోయాయి. వంగి చూశాడు. అన్నీ ముందుకే ఉన్నాయి. అయితే బూట్లు ముందుకే ఉంటాయి, బూటు లోపల ఏముందో ఎవరికి తెలుసు?

వెనక్కి పోదామనుకున్నాడు. కానీ ఇంకొక ఆలోచన కాలికి అడ్డం పడింది. అది దెయ్యమైతే సరే, ప్రాణం పోతుంది. మనిషైతే? ఆ కాలును మనిషే చేసి ఉంటే? చూడకుండా ఇంటికి పోయి "కోసేయండి తల్లీ" అని చెప్తే... తర్వాత హబీబా ముఖం ఎట్లా చూడాలి?

బిస్మిల్లా అనుకుని అడుగు వేశాడు.

సందు సన్నం. రెండు గోడలూ భుజాలకు తగులుతున్నాయి. వీధిలోని పాట వెనకపడి, బావిలో నుంచి వస్తున్నట్టయింది. చివర ఒక పెరడు. పెరట్లో ఎవరో అంట్లు తోముతున్న చప్పుడు. ఇటు పక్కన ఒక కిటికీ... పసుప్పచ్చ వెలుతురు.

కిటికీ దగ్గరికి పోయాడు. 

లోపల ముక్కాలిపీట మీద ఆ పిల్ల కూర్చుంది. మేజోడు కిందికి చుట్టింది. తొడ చుట్టూ ఉన్న తోలుపట్టీ కొలుకులు విప్పింది. కాలు ఊడదీసి పక్కన గోడకు ఆనించింది. అవును, కట్టెకాలే. ఆయన చెవి తప్పలేదు.

కాలు ఊడిన చోట... ఇంకొక పాదం ఉంది.

మడమ ముందుకు. వేళ్లు వెనక్కి.

వేళ్లు ఆడాయి.

ఖాసిం సాబ్ నోట్లోంచి ఏం శబ్దం వచ్చిందో ఆయనకే తెలియదు. ఆ పిల్ల తల ఎత్తింది. కిటికీలో ఆయన్ను చూసింది. కెవ్వున అరిచింది.

ఆయన పరుగెత్తాడు. గోడలకు కొట్టుకుంటూ, వీధిలో పడి, జనాన్ని తోసుకుంటూ. దీపాలూ అద్దాలూ బొమ్మలూ ఆయన పక్కన పరుగెత్తాయి. బస గడప ఎక్కిందాకా వెనక్కి చూడలేదు. ఒక చేతి తొడుగు ఎక్కడో పడిపోయింది.

రామదాసు వచ్చేసరికి రెండు కంబళ్లు కప్పుకుని మూల కూర్చున్నాడు.

"చూసినా... చూసినా రామదాసూ. ఆ సందులో. నువ్వు చెప్పిందే. కాళ్లు ఎనక్కి ఉండాయి."

రామదాసు నవ్వలేదు. తలుపు గడియ వేసి వచ్చి, ఆయన ముందర చతికిలబడ్డాడు.

"అన్నా, నిజం చెప్పు. ఆటలాడొద్దు."

"నీ మీద ఒట్టు."

"అదెట్లప్పా?" రామదాసు ఇంకా దగ్గరికి జరిగాడు. "ఆ కథ... నేను పుట్టించింది కదా!"

"ఏమీ?"

"వంటమేస్త్రీ లేదు, వంకాయా లేదు. ఆ సందు ఎనకాల హోటలు పెరట్లో అంట్లు తోముతా నేను. నువ్వు చూసి ఊర్లో చెప్తే నల్లమాడలో మా అమ్మకు తలవంపులని... అందుకని దెయ్యముందని చెప్పినా. నేను పుట్టించిన దెయ్యం నీకెట్ల కనపడింది?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది గానీ, ఇద్దరూ ఒకరి కాళ్లొకరు చూసుకున్నారు.

ఆ రాత్రి రామదాసు కింద గదికి పోలేదు.

ఖాసిం సాబ్‌కు నిద్ర లేదు. భయం కొంత తగ్గాక చేతిపనివాడి బుద్ధి లేచి కూర్చుంది. అమ్మ చూసినదానికి రెండు కాళ్లూ వెనక్కి. దీనికి ఒకటే. ఎడమ కాలు శుభ్రంగా ఉంది. ఇంకొకటి... ఆ తోలుపట్టీ. కొలుకు పడే చోట రంధ్రం సాగింది, రోజూ పెట్టీ తీసీ అరిగిన పట్టీ అది. ఎద్దు మెడపట్టీ అరిగినట్టు.

దెయ్యానికి తోలుపట్టీ ఎందుకు?

తెల్లవారింది. ఆదివారం. అంగళ్లు మూసి ఉన్నాయి, వీధి ఖాళీ. రామదాసు రానన్నాడు. ఖాసిం సాబ్ ఒక్కడే పోయాడు. పట్టపగలు చూస్తే సందు వట్టి సందే. పెరట్లో తలుపు మీద బూటు బొమ్మ ఉంది. బూట్లు బాగుచేసే మనిషి ఇల్లు. తలుపు తట్టాడు.

తెరిచిన మనిషి నిలువెత్తు ఆజానుబాహువు. ఖాసిం సాబ్‌ను చూశాడు. మారుమాట లేకుండా కోటు పట్టుకుని లోపలికి ఈడ్చి గోడకు అదిమాడు. రెండో చేతిలో ఏదో ఊపాడు. నిన్న పడిపోయిన చేతి తొడుగు.

"నువ్వేనా? చీకటి పడగానే వచ్చేది నువ్వేనా? పది రోజులుగా ఈ వీధి పిల్లలు నిద్రపోవడం లేదు! నల్లకోటు మనిషి వస్తాడట... ముఖం కనపడదట... మనుషుల ముఖం చూడడట, కాళ్లే చూస్తాడట!"

ఆ మనిషి ఇంగ్లీషు వచ్చీరానిది. ఖాసిం సాబ్ ఇంగ్లీషు అంతకంటే అధ్వానం. అయినా అర్థమైంది.  ఆ వీధికి నిజంగానే ఒక దెయ్యం ఉంది. రామదాసు పుట్టించింది కాదు. అది రోజూ అయిదింటికి కార్ఖానా నుంచి బసకు నడిచి వస్తోంది.

మాటలతో పని కాదని, చెవి వెనకనుంచి సుద్దముక్క తీశాడు. బల్ల మీద గీశాడు. ఒక ఆడపిల్ల. రెండు జడలు. ఎడమ కాలు నేల మీద. కుడి కాలు పొట్టి, పాదం మోకాలి పక్కన. చంకలో కర్ర. గీసి, తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"నాది," అన్నాడు. "నా బిడ్డ."

కోటు మీద పట్టు వదులైంది.

లోపలి గుమ్మంలో నుంచి ఆ పిల్ల చూస్తోంది. పేరు ట్రూస్. మెల్లగా వచ్చింది. టప్... టక్. బల్ల మీది బొమ్మను చాలాసేపు చూసి, తండ్రితో ఏదో అంది. ముక్కాలిపీట లాక్కుని కూర్చుని కొలుకులు విప్పసాగింది.

ట్రూస్ కూడా అట్లాగే పుట్టిందని తండ్రి వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. పొట్టి తొడ, మోకాలి పక్కన పాదం. వేరే ఊరి డాక్టరు ఒకాయన పాదాన్ని కోసెయ్యలేదు. తిప్పాడు. వెనక్కి తిప్పి అతికించాడు. ఎందుకో ట్రూస్ చెప్పలేదు, చేసి చూపించింది. వేళ్లు కిందికి వంచింది... కాలు చాపినట్టు. వేళ్లు పైకి లేపింది... మోకాలు మడిచినట్టు.

ఖాసిం సాబ్ చెయ్యి చాపి, అడిగి, ఆ మడమను అరచేతిలో పట్టుకున్నాడు. దెయ్యం కాలు చల్లగా ఉంటుందంటారు. అది వెచ్చగా ఉంది. అరచేతిలో చీలమండ ఆడింది.

అది చీలమండ కాదు ఇప్పుడు. మోకాలు.

దేవుడు ఆ చోట మోకాలు ఇయ్యలేదు. ఉన్న చీలమండనే వెనక్కి తిప్పి మోకాలు చేశాడు ఎవరో మహానుభావుడు. కట్టె కింద ఉంది, మాంసం పైన ఉంది, మడిచేది మాంసమే. మూడు కాళ్లు చెక్కిన తన చేతులకు ఈ ఉపాయం ఎందుకు తట్టలేదో కూడా తెలిసిపోయింది. వెనక్కి తిరిగిన పాదం అంటే పరుగెత్తాలనే తప్ప, చూడాలని ఎవరు నేర్పారు?

"మీ పాప పరుగెత్తుతుందా?" అని ట్రూస్ అడిగింది.

లేదని తల ఆడించాడు.

ఆ పిల్ల కాలు కట్టుకుంది. కోటు వేసుకోకుండానే బయటికి పోయి, ఖాళీ వీధిలో, మంచు మీద, ఆ చివరిదాకా పరుగెత్తి వెనక్కి వచ్చింది. ఖాసిం సాబ్ సందు మొగదల నిలబడి చూశాడు. అప్పుడు కూడా కాళ్లే చూశాడు.

ఏప్రిల్‌లో ఇంటికి వచ్చాడు. డాక్టరమ్మకు బొమ్మలు, కొలతలు, ఆ ఊరి డాక్టరు రాసిన జాబు ఇచ్చాడు. దక్షిణాన పెద్దాసుపత్రిలో చేయగలరని ఆమె కనుక్కుంది. మిగిలింది ఇంట్లో చెప్పడం.

నూర్జాన్ విన్నది. వక్కాకు ఉమ్మేసింది.

"దెయ్యాన్ని చూసి పారిపోరా అని చెప్పినా. ఇంటికి తెస్తానంటావేందిరా? నా మనవరాలికి చుడేల్ కాలు పెట్టిస్తావా? రేపు దీని చేతి నీళ్లు ఎవురన్నా తాగుతారా? దీన్ని ఎవురన్నా చేసుకుంటారా?"

"అమ్మా, అది నడుస్తాది..."

"ఎనక్కి నడుస్తాది!"

 ఆ భయం ఖాసిం సాబ్‌కు కొత్తది కాదు, ఆమె పెట్టిందే. మూల కూర్చున్న హబీబా చంకకర్ర పక్కన పెట్టింది.

"జేజీ, ఇప్పుడు నా కాలు ముందుకే తిరిగి ఉండాది కదా?"

"ఉండాది. అందుకే అంటాండా..."

"తొమ్మిదేండ్లుగా ముందుకే ఉండాది. యాడికి పోయింది?"

 హబీబా తండ్రి వైపు తిరిగింది. "నాయనా, పరుగెత్తొచ్చా?"

"నేను చూసినా."

"అయితే తిప్పేయండి."

తిప్పారు. మానడానికి ఏడాది పట్టింది. కాలు ఖాసిం సాబ్ చేశాడు, తేలికైన చెక్కతో, కొలుకులు తన చేత్తో కుట్టి. బడిలో పిల్లలు మొదట్లో దూరం జరిగారు. ఆమె ముట్టిన కుండలో నీళ్లు తాగలేదు. తర్వాత పరుగుపందెంలో ఓడిపోయి, దాహం వేసి, తాగారు. నూర్జాన్ నెలరోజులు ఆ పాదం వైపు చూడలేదు. ఒకరోజు కత్తిరి తీసుకుని వచ్చి, "యాపక్కకు తిరిగినా గోళ్లు పెరిగేది మానలేదు గదా," అని గొణుగుతూ కత్తిరించింది. తర్వాత అది ఆమె పనే అయింది.

ఒక్క ఇబ్బంది మిగిలింది. చీకట్లో హబీబా కాలు విప్పి షెడ్డు పక్క గట్టు మీద కూర్చుని పాదం కడుక్కుంటుంటే చూసి, కొత్తవాళ్లు హడలిపోయి షెడ్డులోకి పరుగెత్తుకొచ్చేవాళ్లు. ఏడాదికి ఇద్దరు ముగ్గురు. ఖాసిం సాబ్ వాళ్లకు ఒకటే ప్రశ్న వేసేవాడు. జవాబు విని నవ్వి, టీ ఇచ్చి పంపేవాడు.

1968లో, వానలు ఎగ్గొట్టిన ఏడు, ఒక సాయంత్రం పొద్దు కుంకాక షెడ్డు తలుపు దబదబా బాదారు. ఓబన్న అని, ఆ దోవకు కొత్త బండివాడు. ఆసుపత్రికి కట్టెలు తెచ్చినవాడు. చేతిలో ముల్లుకర్ర లేదు. తలగుడ్డ లేదు.

"సాబ్... కాళ్లు... ఎనక్కి..."

ఖాసిం సాబ్ చిత్రిక పట్టడం ఆపలేదు. తల కూడా ఎత్తలేదు. పెదవి మీద నవ్వు అప్పుడే మొదలైంది.

"కూచో అప్పా. ముందు ఇది చెప్పు. ఒక కాలా, రెండు కాళ్లా?"

"ఏమి సాబ్?"

"ఒకటే ఎనక్కి ఉంటే మా పాప. భయం లేదు. సరిగ్గా తల్చుకుని చెప్పు."

ఓబన్న కళ్లు మూసుకున్నాడు. తలుచుకున్నాడు.

"బట్టీ కాడ ఎద్దులు నిలబడిపోయినాయి," అన్నాడు. "దిగినా. ఆడమనిషి. ముఖం చక్కగా ఉండాది. తాగేదానికి నీళ్లడిగింది..."

చిత్రిక ఆగింది.

"...రెండు, సాబ్."

షెడ్డు లోపలి గదిలో నుంచి హబీబా గొంతు వినపడింది. "ఎవురొచ్చినారు నాయనా?"

ఖాసిం సాబ్ వేలు పెదవి మీద పెట్టుకుని చెవి ఒగ్గాడు. బయట ఎండిన నేల మీద ఎవరో నడిచి వస్తున్నారు. తొందర లేని నడక. షెడ్డు వైపే.

ఏళ్ల తరబడి నమ్మిన చెవి. తప్పదు.

కట్టె కాదు.

మాంసం కాదు.